సగటు తీసిన కన్ను

"ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు భర్త. వాషింగ్ మెషిన్ బాగుచేసే మనిషి మధ్యాహ్నం వస్తానన్నాడట. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఆ ఇంట్లో పెళ్ళైన కొత్తలోనే తేలిపోయింది. ఆమె చేతిలో ఉన్న ప్రోబు, సిగ్నల్ కొలిచే సన్నటి ముల్లు, బల్ల మీద పెట్టి బ్యాగు తగిలించుకుంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే ల్యాబు. ఆయన ల్యాబుకి పెద్ద, ఆమె కొలతలు తీసే ఇంజనీరు. "మిగతాది నేను చూసుకుంటాలే" అని కూడా అన్నాడు. సాయం చేస్తున్నాడనుకుంది పిచ్చిది.

బల్ల మీద ఉన్నది ఆపరేషన్ గదిలో వాడే బోర్డు. కడుపులోకి పంపిన సన్నటి కెమెరా చూసినదాన్ని ఎప్పటికప్పుడు డాక్టరు ఎదుట తెర మీదికి చేర్చడం దాని పని. రెప్పపాటులో కోట్లకొద్దీ ఒకట్లూ సున్నాలూ దానిలో పరుగెత్తుతాయి. విడివిడిగా చూస్తే అన్నీ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. వాటి అసలు రంగు బయటపడాలంటే సిగ్నల్‌ని గీతలుగా చూపించే స్కోపు తెర మీద అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు గీతల మధ్య తెరుచుకున్న కన్నులాంటి ఖాళీ కనిపిస్తుంది. ల్యాబులో అందరూ దాన్ని కన్ను అనే అంటారు. సిగ్నల్లో రొద ఎక్కువైతే గీతలు ఉబ్బుతాయి, టైము తప్పితే పక్కలకు జరుగుతాయి, మధ్య ఖాళీ తగ్గిపోతుంది. కన్ను మూసుకుందంటే అవతలి చిప్పుకి ఒకటేదో సున్నా ఏదో తెలియదు. డాక్టరు కత్తెర లోపల ఉండగానే తెర మీద బొమ్మ చెదిరిపోతుంది. ఆ రోజు ఆమె చూసిన కన్ను సగానికి పైగా మూసుకునే ఉంది. ఆయన్ని పిలిచి చూపించింది. "ఈ బోర్డు పనికిరాదు, తీగల దారి మళ్ళీ గీయాలి" అంది. "రేపు మీటింగు పెట్టుకుని ఇప్పుడా చెప్పడం" అని విసుక్కున్నాడు. ఆ తర్వాతే ఆయనకు వాషింగ్ మెషిన్ గుర్తొచ్చింది.

ఇంటికొస్తే, మెషిన్ మనిషి తలుపు దగ్గరే "సార్ లేరామ్మా?" అన్నాడు. నీళ్ళు బయటికి తోసే పంపు పట్టేసిందని ఆమె చెప్పింది. అతను తల ఊపి, అదే మాట సార్‌కి ఫోన్ చేసి చెప్పి, ఆయన సరేనన్నాక పంపు విప్పాడు. ఇదంతా సోఫాలోంచి చూస్తున్న అత్తగారు, "నువ్వు చేసేదీ మెషిన్ల పనేగా, నువ్వే విప్పుకోవచ్చుగా" అంది. ఆవిడ దృష్టిలో కోడలు ఆఫీసుకెళ్ళి మొగుడికి చేదోడుగా ఉంటుంది, అంతే. ఎవరడిగినా అలాగే చెబుతుంది. నిజానికి ఇద్దరూ కొత్తగా చేరిన రోజుల్లో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, కన్ను చూడటం ఆయనకు నేర్పింది ఈమే. పిల్ల పుట్టి సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి ఆయనకు అద్దాల గది వచ్చింది. ఆమెకు ఆమె కుర్చీ మాత్రం భద్రంగా ఉంచారు.

మర్నాడు మీటింగులో తెర మీద ఆ బోర్డు కన్ను వేశారు. కన్ను విశాలంగా, కళకళలాడుతూ తెరుచుకుని ఉంది. గీతలు దారప్పోగుల్లా సన్నగా ఉన్నాయి. అంత సన్నటి గీతలు ఏ నిజమైన సిగ్నల్‌కీ ఉండవు. ఒకే వరసను మళ్ళీ మళ్ళీ పంపి, స్కోపుని సగటు తీయమంటేనే అలా వస్తాయి. అప్పుడప్పుడూ దారి తప్పే వాటిని సగటు మింగేస్తుంది, ప్రాణం తీసేవి అవే. కన్ను చూసి తీర్పు చెప్పేటప్పుడు సగటు బటన్ ముట్టుకోకూడదన్నది ఆ ల్యాబులో మొదటి పాఠం. పొరపాటున నొక్కాడేమో అనుకోవాలని చూసింది. కానీ ఆ పాఠం ఆయనకు చెప్పింది తనే.

తేరుకునేలోగా ఆయన లేచి, కంపెనీ పెద్దాయన వైపు తిరిగి నవ్వాడు. "ఈ కొలత మా ఆవిడ తీసింది సార్. తన చెయ్యి పడితే ఇక తిరుగుండదు."

నలుగురూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో ఆమె తీసిన ఏ కొలతా ఆ గదిలో ఆమెది కాలేదు. అన్నీ "మేం చేశాం", "మా టీమ్ చేసింది". ఈ మాట కోసం ఎన్ని మీటింగుల్లో చెవులు రిక్కించి కూర్చుందో. తీరా ఈ రోజు వచ్చింది, తను తీయని కొలతకి. రేపు ఏ ఆపరేషన్ గదిలోనో బొమ్మ చెదిరితే ఎవరు కొలిచారని అడుగుతారు. జవాబు ఇప్పుడే అందరూ విన్నారు. ఆమె భర్త ముఖం వైపే చూసింది. ఆయన గదిలో అందర్నీ చూస్తున్నాడు, ఆమెను తప్ప. మొత్తం మీద చూసుకుంటే నీ మొగుడు మంచివాడేనే అని అమ్మ ఎప్పుడూ అంటుంది. తనూ అలాగే చూసుకుంటూ వచ్చింది, ఒక మంచిరోజు తెచ్చి ఒక చెడ్డమాట మీద కప్పుతూ. సిగ్గేసింది. ఆ తర్వాత ఒళ్ళంతా కోపం వచ్చింది.

"సార్, ఇది నేను తీసింది కాదు" అంది లేచి. "బోర్డు ల్యాబులోనే ఉంది. అందరూ వస్తే ఇప్పుడే చూపిస్తాను."

"తనకి ఒంట్లో బాగాలేదు సార్" అన్నాడు భర్త. ఆస్పత్రి తరఫున వచ్చిన సర్జన్ అప్పటికే కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆవిడ లేచాక పెద్దాయనకూ లేవక తప్పలేదు.

ల్యాబులో ఆమె బోర్డు మీద ప్రోబు పెట్టింది, సగటు బటన్ ఆపేసింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మొదట సన్నగా, తర్వాత మందంగా, తర్వాత ఎక్కడివో తెలియని గీతలు మధ్యలోకి చొరబడ్డాయి. చూస్తుండగానే ఖాళీ పూడిపోయింది.

"నేను లోపల కత్తెర పెట్టి ఉన్నప్పుడు నాకు దారి చూపించేది ఇదా?" అంది సర్జన్. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

భర్త పక్కకొచ్చి, పెదాలు కదపకుండా, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య పంచాయితీలన్నీ ఇంటికెళ్ళాకే జరిగాయి, తలుపులు వేసి, అత్తగారికి వినపడకుండా. చివరికి ఆమె క్షమించమని అడిగాకే దీపాలు ఆరేవి.

ఆమె పక్కనున్న కుర్చీ ఆయన ముందుకు జరిపింది.

"ఇక్కడే చెప్పండి" అంది, గదిలో అందరికీ వినపడేలా.