మా ఆవిడ రెండు చెవులు

మా ఇంట్లో చెవి డాక్టర్లు ఇద్దరు, కొడుకూ కోడలూ. చిల్లుపడ్డ చెవులున్నవాళ్ళమూ ఇద్దరమే. మా ఆవిడకు రెండు కర్ణభేరులూ చిల్లులే, నాకు ఒక్కటి. ఇక ఆ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో వేరే చెప్పాలా?

కొడుకు చెవి వెనక జుట్టు గొరిగి, కోసి, కండరం మీది పల్చటి పొర తీసి, మైక్రోస్కోపు కింద చిల్లుకు అతుకు వేస్తాడు. కోడలు చెవి రంధ్రంలోంచే సన్నటి ఎండోస్కోపు పంపి, చెవి ముందున్న మృదులాస్థి నుంచి చిన్న ముక్క తీసి అతికిస్తుంది. భోజనాల దగ్గర కూడా ఇదే రభస.

"మీది తాతలనాటి పద్ధతండీ" అని ఆమె.

"నీది వీడియో గేము" అని వాడు.

చివరికి మా ఆవిడే తెగేసి చెప్పింది. "కుడిది నువ్వు చెయ్యరా, ఎడమది నువ్వు చెయ్యమ్మా. ఎవరు చేసింది బాగా వినిపిస్తే ఈయన చెవి వాళ్ళది."

నా చెవిని పందెంలో పెడుతూ నన్ను మాటవరసకైనా అడగలేదు.

ఒకటి మానాక రెండోది చేశారు. రెండు చిల్లులూ పూడాయి. ఇక తేలాల్సింది వినికిడి. పరీక్ష రోజున మా ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో కూర్చుంది. శబ్దం వినపడగానే చేతిలోని బటన్ నొక్కాలి. శబ్దం పంపినప్పుడల్లా బయట టెక్నీషియన్ మిషను మీద ఎర్రదీపం వెలుగుతుంది. నేను దీపాన్నీ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూశాను. పోయేది నా చెవి కదా!

కొడుకు చేసిన చెవికి కనుబొమ్మా బొటనవేలూ కలిసే కదిలాయి. కోడలు చేసిన చెవికి శబ్దం ఇంకా తగ్గించినా కనుబొమ్మ ఎగిరింది, వేలు మాత్రం ఉలకలేదు. శబ్దం పెంచాకే నొక్కింది. అమ్మ దొంగా!

"రెండూ సమానమే" అన్నాడు టెక్నీషియన్.

వరండాలో ఆవిణ్ణి నిలదీశాను. "నీకు ఎడమవైపే బాగా వినిపిస్తోంది కదూ?"

"మెల్లగా అనండి. వాడు చిన్నబుచ్చుకుంటాడు."

"వాడి సంగతి సరే, నా చెవి?"

"బాగున్నప్పుడు మాత్రం నా మాట విన్నారా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంతలో కొడుకు రానే వచ్చాడు.

"సమానమే వచ్చింది. నీ చెవి ఎవరు చెయ్యాలో నువ్వే చెప్పు నాన్నా."

మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"కోడలే చెయ్యాలి" అన్నాను. "నువ్వైతే జుట్టు గొరుగుతావు. నాకు మిగిలిందే చెవుల వెనక నాలుగు వెంట్రుకలు."

వాడు పగలబడి నవ్వాడు. గిల్లుడు ఆగింది. గండం గడిచిందనుకున్నాను.

"అలాగే. ఆ రోజు నేను పక్కనే నిలబడి చూస్తా."

"ఏం, నీ పెళ్ళాం మీద నమ్మకం లేదా?"

"నేర్చుకోవడానికి నాన్నా." తల్లివైపు తిరిగాడు. "నేనూ ఆ అద్దం దగ్గరే, నాన్న వెనకాలే ఉన్నానమ్మా. నీ కనుబొమ్మకి అబద్ధమాడటం రాదు."

మా ఆవిడ చప్పున చేత్తో నుదురు కప్పుకుంది.