ఖాళీ ఫోన్ల మీద పరీక్ష

ఆ కంపెనీ ఉద్యోగస్తుల ఫోన్ల కోసం ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తోంది. ఒకే ఫోన్‌లో రెండు అరలు: ఒకటి ఆఫీసుది, రెండోది సొంతానిది. మనిషి ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసు అరను దూరం నుంచే తుడిచెయ్యాలి. సొంత అర జోలికి పోకూడదు. ఆ తుడిచే భాగానికి ప్రోగ్రాం రాసింది అక్కడి ఇంజినీరు ఒకతను.

ట్రయల్‌కి మనుషులు చాలకపోతే రిసెప్షన్‌లో కూర్చునే, ఆఫీసంతా పెద్దక్క అని పిలిచే ఆవిడను ఆమె ఫోన్ అడిగిందీ అతనే. లోపలున్నవి ఇంకెక్కడైనా దాచుకోవాలా అని ఆవిడ అడిగింది. "అక్కర్లేదక్కా, పూచీ నాది," అన్నాడు.

సోమవారం ట్రయల్ ముగిసిందని ఆవిడ పేరు జాబితాలోంచి తీసేశారు. పేరు తీస్తే ఆ ఫోన్‌కి తుడిచే ఆదేశం వెళ్తుంది. రెండు అరలూ తుడిచిపెట్టుకుపోయాయి. కిందటేడు పోయిన వాళ్లమ్మ మాటలు ఆవిడ రికార్డు చేసుకుంది, నలభై ఒకటి. అవి ఆ ఫోన్‌లోనే ఉండేవి.

ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. "నా చెయ్యి ఊరుకోదు తమ్ముడూ, ఏదో నొక్కేసుంటాను," అంది. మేనేజరుకు ఆ మాట కలిసొచ్చింది. వాడినవారి పొరపాటని రిపోర్టు రాసెయ్యమన్నాడు. పెద్దక్క చెయ్యి తగిలితే సర్వర్ కూడా బతికి బట్టకట్టదని పక్కసీటతను నవ్వాడు. అతనూ నవ్వాడు.

మధ్యాహ్నం అన్నం సయించక పాత పరీక్షల రికార్డులు ముందేసుకున్నాడు. సొంత అర పరీక్ష పన్నెండుసార్లు నెగ్గింది. నెగ్గక ఏం చేస్తుంది? పరీక్ష ఫోన్లను ప్రతిసారీ కొత్తవాటిలా ఖాళీ చేసి చేతికివ్వడం ఆ ఆఫీసులో అలవాటు. తుడవకముందు సొంత అరలో ఏమీ లేదు, తుడిచాకా ఏమీ లేదు. ఖాళీకి ఖాళీ సరిపోయింది. ఒక్క ఫొటో అయినా పెట్టి చూద్దామని అతనికి తోచలేదు.

రిపోర్టులో వాడినవారి పొరపాటు అన్నది కొట్టేసి తన పేరు రాసి పంపాడు. నాలుగు రోజులు కూర్చుని తప్పు సరిచేశాడు. అప్పుడు రిసెప్షన్‌కి వెళ్లాడు.

"మీరేం నొక్కలేదక్కా. తప్పు నాది. వాళ్లు నవ్వితే నేనూ నవ్వాను."

ఆవిడ మోగుతున్న ఫోన్ తీసి, ఎవరికో సమాధానం చెప్పి పెట్టేసింది. "ఇప్పుడు బాగైందా?" అని అడిగింది.

అతను తన సొంత ఫోన్‌ను బల్లమీద పెట్టాడు. అందులో కూతురి ఫొటోలు నాలుగు వేలున్నాయి. ఆవిడ చూస్తుండగానే ఆఫీసు కంప్యూటరు నుంచి తుడిచే ఆదేశం పంపాడు. ఆఫీసు అర పోయింది. ఫొటోలన్నీ ఉన్నాయి.

"ముందే కాపీ తీసి పెట్టుకున్నావా?"

లేదందామని నోటిదాకా వచ్చింది. "తీసుకున్నానక్కా," అన్నాడు.

"మంచిపని చేశావు," అంది ఆవిడ, అప్పుడే లోపలికొచ్చినాయన ముందుకు రిజిస్టరు జరుపుతూ. ఆ మాటలో వెటకారం ఉందేమోనని అతను వెతికాడు. లేదు. ఉండుంటే తల ఎత్తగలిగేవాడు.