గరిదెల్ గారి నల్లగోళీ

గరిదెల్ గారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. పారిస్‌లో బ్యాంకు పెట్టి, ఆ పలుకుబడితో సొంత ఊరు సెరియాక్ తరఫున శాసనసభకు ఎన్నికైన మనిషి. తమ ఊరికి రైలు కావాలని తొమ్మిదేళ్లుగా గొంతు చించుకుంటున్నాడు. ఈసారీ బిల్లు వీగిపోతే ఊళ్లో మొహం చూపించొద్దని జనం తెగేసి చెప్పారు.

ఆ వేళ ప్రసంగం ముగించి ఓటుకు లేచాడు. ఆ సభలో ఓటంటే గోళీలే. ఒక్కొక్కరికీ ఒక తెల్లదీ, ఒక నల్లదీ ఇస్తారు. వేదిక మీది కుండలో తెల్లది వేస్తే ఔను, నల్లది వేస్తే కాదు. చేతిలో మిగిలినదాన్ని కింద రెండో కుండలో పడేసి పోవాలి. ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు.

అతని వెనకే మల్‌బోస్క్ నిలబడ్డాడు. పడవల కాలువ యజమాని, రైలంటే గిట్టనివాడు.

"మీ రైలు కూతకి మా ఆవులు పాలివ్వడం మానేస్తాయేమోనండీ!" అన్నాడు.

గరిదెల్ భగ్గుమన్నాడు. తెల్లగోళీ ఉన్న కుడి పిడికిలి అతని ముక్కు ముందు ఆడిస్తూ, "నీ కాలువలో కప్పలు కూడా నీ మాట వినవు, పోవయ్యా!" అని అరిచాడు. అరుస్తూనే ఎడమ చేతిలోది కుండలో జారవిడిచాడు.

కింద పిడికిలి విప్పేసరికి అరచేతిలో తెల్లది ఉంది. 

"బాబ్బాబు, పైన నాది తప్పు పడింది, తీసివ్వు," అని బంట్రోతును బతిమాలాడు.

"నల్లవన్నీ ఒక్కలాగే ఉంటాయండీ. మీది ఏదని తీయను? జరగండి, వెనక జనం ఉన్నారు."

బిల్లు ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది.

బయట మెట్ల దగ్గర సెరియాక్ మేయరూ, పట్టు నేతగాళ్లూ కాచుకుని ఉన్నారు. మల్‌బోస్క్ కనబడగానే మీద పడ్డారు.

"ఆ ఒక్క ఓటూ నీదే కదరా, ద్రోహీ!" అంటూ మేయరు అతని టోపీ లాగి బురదలో విసిరాడు.

"ఒట్టు! ఇవాళ ఆయన మాటలు విని మనసు మార్చుకున్నాను. తెల్లదే వేశాను. ఆవుల సంగతి ఊరికే ఏడిపించడానికన్నాను!"

ఎవరూ వినలేదు. గరిదెల్‌కి తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే పదవి నిలుస్తుందని తెలుసు. అయినా ఉండబట్టలేకపోయాడు.

"వదలండి అతన్ని! ఆ నల్లగోళీ నాది. ఈ దిక్కుమాలిన చెయ్యే వేసింది!"

మేయరు కళ్లు చెమర్చాయి. "చూశారట్రా! పగవాడి కోసం నింద నెత్తినేసుకుంటున్నాడు మా దొర!"

"నిజం చెబుతున్నానయ్యా! నా మాట వినరేం!"

వాళ్లు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. గింజుకునేకొద్దీ జేజేలు పెరిగాయి. తొమ్మిదేళ్లు సభను నమ్మించలేకపోయాడు. ఇప్పుడు సొంత ఊరివాళ్లనీ నమ్మించలేకపోతున్నానని ఏడుపొచ్చింది.

మల్‌బోస్క్ మాత్రం నమ్మాడు. బురద టోపీ చేత్తో పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు.

"తొమ్మిదేళ్లలో మొదటిసారి మీకు ఓటేశానండీ," అన్నాడు.