ఎర్రదారం కట్టిన సొరుగు

చిటికె అని అందరూ పిలిచే పెద్దాయన సొరుగును తలకిందులు చేసి దాని వీపు మీద రెండుసార్లు తట్టాడు. చంటిపిల్లకు పాలు పట్టాక భుజాన వేసుకుని తడతారే, అలాగ. అడుగున పేరుకున్న పొడి పళ్లెంలోకి రాలింది. అప్పటికీ రాని మొండి పొడి మూలల్లో నక్కుతుంది. దాని పని పట్టడానికి ఆయన దగ్గర వేలెడంత కుంచె ఒకటి ఉంది. పిడి అరిగి ఆయన బొటనవేలి ఆకారంలోకి వచ్చేసింది. ఆ కుంచెతో మూలలన్నీ గోకి, సొరుగులోకి ఒక్క ఊపు ఊది, మళ్లీ గోడలో పెట్టి పక్కదాన్ని లాగాడు.

వారం ఆఖరి పనిదినాన ఆ మూలికల కొట్టులో ఇదే పని. గోడ నిండా సొరుగులే. ఒక్కో దాంట్లో ఒక్కో ఆకు, పువ్వు, బెరడు, వేరు. కొత్త సరుకు పోసే ముందు పాతదాని అడుగు దులపాలి. దులిపింది పారేయడానికి పాత యజమానికి ప్రాణం ఒప్పేది కాదు. "మీరే పట్టుకెళ్లి కాచుకు తాగండి" అని పనివాళ్లకు పంచేవాడు. ఆయన పోయి, కొడుకు గల్లాపెట్టె ముందు కూర్చున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. చిటికె తన వాటాలో కొంత తాను కాచుకు తాగి, మిగతాది నీలం డబ్బాలో పోసి వారం వారం అన్న కూతురికి పట్టుకెళ్లేవాడు.

చిటికె అసలు పేరు కొట్టులో ఎవరికీ గుర్తులేదు. తూకం సరిపోయాక పొట్లం మడిచే ముందు, "ఇది నా తరఫున" అంటూ పైన చిటికెడు వేస్తాడు. ఆ చిటికే పేరైపోయింది. మనిషి పొట్టి. వేలికొసలు పచ్చగా, గోళ్ల కింద ఎప్పుడూ ఆకుల మరక. తల మాత్రం అద్దం. ఆ తలతోనే జుట్టు పెరిగే నూనె అమ్మేవాడు. "ఇది పనిచేస్తుందాండీ?" అని ఎవరైనా అనుమానంగా ఆయన నెత్తి వైపు చూస్తే, "వాడకపోతే ఇలా అవుతారమ్మా" అనేవాడు మొహంలో నవ్వు కనబడనివ్వకుండా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తూకం కుదరలేదంటాడు.

ఆయన వేళాకోళాల్లో ఒకటి మాత్రం సరుకై కూర్చుంది. ఒకసారి ఒకావిడ వచ్చి, తలనొప్పికీ, కోపానికీ, మొగుడి గురకకీ కలిపి ఒకటే మందు ఇమ్మంది. చిటికె గంభీరంగా లోపలికెళ్లి, దులిపిన పొడి కాస్త పొట్లం కట్టి తెచ్చి, "దీని పేరు సర్వం" అన్నాడు. లోపల పనివాళ్లు నోట్లో గుడ్డలు కుక్కుకున్నారు. మరుసటి వారం ఆవిడ వచ్చి ఇంకో పొట్లం అడిగింది, చెల్లెలికి కూడా కావాలంది. కుర్ర యజమాని ఆ రోజే గాజు జాడీ ఒకటి తెప్పించి, దాని మీద 'సర్వం' అని అంటించి, గల్లాపెట్టె పక్కన పెట్టాడు.

ఆఖరి వరుస చివర సొరుగు పిడికి ఎర్రదారం కట్టి ఉంది. నెలసరి ఆలస్యమైన వాళ్లు అడిగే వేరు అది. కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు కాబట్టి, పొరపాటున కూడా చెయ్యి అటు పోకుండా చిటికే ఆ దారం కట్టాడు. ఆ సొరుగునూ లాగి, తట్టి, గోకి, దాని పొడి కూడా పళ్లెంలో కలిపాడు.

అప్పుడే ఆయన అన్న కూతురు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పెద్ద గుడ్డసంచి. అన్నా వదినా పనుల మీద ఊళ్లు తిరిగే రోజుల్లో, చదువంతా బాబాయి ఇంట్లోనే ఉండి చదివింది. ఇప్పుడు బస్సు టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం.

"ఏమ్మా, అంత సంచి తెచ్చావు, కొట్టు మొత్తం ఎత్తుకుపోతావా ఏంటి?"

"ఎత్తుకుపోయినవే తిరిగి తెచ్చాను బాబాయ్. క్లినిక్‌లో నర్సు, మా ఇంట్లో తాగేవీ రాసుకునేవీ అన్నీ పట్టుకురమ్మంది. ఆయనవి కూడా."

"అల్లుడు కూడా రాసుకుంటాడా? ఏం రాసుకుంటాడు?"

"మీసానికి నూనె."

"ఆ మీసానికి నూనె కాదమ్మా, ఎరువు వెయ్యాలి."

ఆమె నవ్వింది కానీ, సంచి కింద పెట్టలేదు. "నువ్వూ రావాలి. నీ నీలం డబ్బాలో ఏముందని అడుగుతోంది. నాకేం తెలుసు?"

"ఏముంటుంది? అన్నీ చెట్టూ చేమా. ఎన్నేళ్లుగా తాగుతున్నాను, నాకేమైనా అయిందా?"

"నువ్వు కడుపు కోసం చూడలేదుగా బాబాయ్."

యజమాని నవ్వాపుకోలేక దగ్గాడు. చిటికె ఏప్రాన్ తీసి మేకుకు తగిలించి, ఇప్పుడే వస్తానని చెప్పి బయల్దేరాడు.

పెళ్లయిన నాటి నుంచీ ఆమె బిడ్డ కోసం చూస్తూనే ఉంది. పోయినేడాది ఒకసారి కడుపు నిలిచింది. కొన్ని వారాలకే పోయింది. ఆ వార్త విన్నరోజు చిటికె వేళాకోళం ఆడలేదు. ఏం చెయ్యాలో తెలియలేదు. తనకు తెలిసిందల్లా చేశాడు. అప్పటి నుంచి ప్రతి వారం నీలం డబ్బాలో రెండు చిటికెలు ఎక్కువ వేసి పట్టుకెళుతున్నాడు. బలం వస్తుందని. వచ్చే నెల నుంచి క్లినిక్ వాళ్లు చికిత్స మొదలుపెడతామన్నారు. ఈసారి ఏ తప్పూ జరగకూడదని ఆమె పట్టుదల.

నర్సు లావుపాటి మనిషి. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. సంచిలోవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"సబ్బు. ఒంటికి రాసి కడిగేసేదే, పేచీ లేదు. ఈ వాసన నూనె ఏంటి?"

"మెడకి రాసుకుంటానండి. పూర్తిగా సహజం అని ఉంది దాని మీద."

"సహజం అని ఉంది. ఏం కలిపారో మాత్రం లేదు. డాక్టరమ్మని అడిగేదాకా పక్కన పెట్టు." తర్వాత ఒక సీసా ఎత్తి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, గొంతు కాస్త తగ్గించింది. "ఇది పడగ్గదిలో జారుడుకి వాడేదేనా? బిడ్డ కోసం చూసేటప్పుడు ఇలాంటివన్నీ పనికిరావమ్మా. కొన్ని బీజం కదలికకే అడ్డు పడతాయి. పనికొచ్చేవి వేరే ఉంటాయి, రాసిస్తాను."

చిటికె తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఈ పొడి ఎవరిది?"

"మా ఆయనదండి. బస్టాండు దగ్గర కొన్నారు. మగవాళ్లకి బలమట."

"పేరు లేదు, ఊరు లేదు. ముందు ఇది ఆపించు. బిడ్డంటే ఇద్దరి పని. నిన్నొక్కదాన్నే పత్యం ఉంచితే ఎలా?" అంటూ నీలం డబ్బా మూత తీసి వాసన చూసింది. "ఇదేనా బాబాయిగారు చేసింది? చెప్పండి, ఇందులో ఏమేం ఉన్నాయి?"

"పుదీనా ఉంటుందండి. సోంపు. నారింజ తొక్క..."

"ప్రతిసారీ ఇవేనా?"

"ప్రతిసారీ ఇవే అంటే... ఆ వారం సొరుగుల అడుగున ఏముంటే అది."

"ఏ సొరుగులు?"

"అన్నీనండి."

ఆ మాట అన్నాకే పొద్దున లాగిన ఆఖరి సొరుగు, దాని పిడికి వేలాడిన దారం కొస, పళ్లెంలో రాలిన ముదురు రంగు పొడి కళ్ల ముందుకొచ్చాయి. కడుపుతో ఉన్నానని ఎవరు చెప్పినా ఆ వరుస దగ్గరికే పోనిచ్చేవాడు కాదు తను. అలాంటిది, ఇన్నాళ్లూ.

ఆయన్ని ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

"ఎర్రదారం సొరుగు కూడా దులుపుతానండి" అన్నాడు. "కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వకూడని వేరు. దారం కట్టింది నేనే." తర్వాత ఇంకా మెల్లగా, "పోయినేడాది పోయింది దానివల్లేనా?" అన్నాడు.

నర్సు కళ్లద్దాలు తీసింది. "దానివల్లే అని నేననను. తొలి వారాల్లో పోయేవి చాలావరకు ఎవరి తప్పూ లేకుండానే పోతాయి. కాదని కూడా అనలేను. ఇందులో ఏదెంత పడిందో మీకే తెలీదు, నాకేం తెలుస్తుంది? తెలీదు కాబట్టే ఆపమంటున్నాను. డాక్టరమ్మకి నేను చెప్తాను. నువ్వూ దాచకుండా చెప్పమ్మా."

ఆమె డబ్బా అందుకుని చెత్తబుట్టలో బోర్లించింది. వరండాలో కుళాయి కింద కడిగి, కొంగుతో తుడిచింది. ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా ఎవరి పాపో గోడకు బంతి కొట్టి పట్టుకుంటోంది, మళ్లీ కొడుతోంది.

"నన్ను తిట్టమ్మా" అన్నాడు చిటికె.

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను." ఆమె డబ్బా మూత బిగించింది. "దీంట్లో బొత్తాలు వేసుకుంటా. ఇకనుంచి నాకేమీ తేకు బాబాయ్."

"రావద్దంటావా?"

"రావద్దని ఎవరన్నారు? ఊరికే రా. సాయంత్రం ఎప్పటిలాగే రా."

ఆయన కొట్టుకు తిరిగొచ్చేసరికి గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. యజమాని జాడీ మూత తీసి, పొట్లానికి కాగితం పరిచాడు.

"మా కోడలికండి. పిల్లల కోసం చూస్తున్నారు. ఇది అన్నిటికీ పనిచేస్తుందటగా."

చిటికె కాగితం మీద చెయ్యి పెట్టాడు. "వద్దమ్మా. ఇందులో ఏముందో నాకు తెలీదు."

"తెలిసినవాళ్లని పిలవండి మరి."

"దీన్ని చేసేది నేనేనమ్మా."

ఆవిడ ఆయన వేళాకోళాలకు అలవాటు పడ్డ మనిషే. నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. "మీ కోడలు ఏం తాగుతోందో, ఏం రాసుకుంటోందో డాక్టరుకి చూపించమనండి. సర్వం అనేది నేను సరదాకి పెట్టిన పేరు" అన్నాడు. ఆవిడ ఒకసారి జాడీని, ఒకసారి యజమానిని చూసి, చేతిసంచి సర్దుకుని వెళ్లిపోయింది.

యజమాని చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు. "ఏంటి పెద్దాయనా ఇది? పేరు పెట్టింది నువ్వు. ఇప్పుడు నువ్వే బేరం చెడగొడితే ఎలా?"

"పెట్టాను బాబూ. పారబోద్దాం. కొన్నవాళ్లొస్తే ఆపమని చెబుదాం."

"చెబితే ఇంకేం కొంటారు? అన్నీ చెట్ల నుంచి వచ్చినవే కదా."

"ఎర్రదారం సొరుగులోదీ చెట్టు నుంచి వచ్చిందే బాబూ."

యజమాని గల్లాపెట్టెలో ఏదో వెతుక్కుంటూ ఉండిపోయాడు. దొరకలేదు. "కావాలంటే వచ్చే వారం నుంచి ఆ ఒక్క సొరుగు వదిలేసి దులుపు" అన్నాడు చివరికి. "జాడీ మాత్రం ఉంటుంది."

చిటికె తలూపాడు. లోపలికి వెళ్లి, పొద్దున దులిపిన పళ్లెం చెత్తలో బోర్లించాడు. మళ్లీ బయటికొచ్చి, జాడీ ఎత్తి, దాన్నీ తీసుకెళ్లి అందులోనే బోర్లించాడు. కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టాడు. యజమాని చూస్తూనే ఉన్నాడు. ఆపలేదు.

"వెళ్లొస్తాను బాబూ. ఇకనుంచి పనికి రాను."

"కోపమా?"

"నీ మీద కాదు."

ఏప్రాన్ మేకుకే ఉంది, దాన్ని తాకలేదు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. గోళ్ల కింది మరక పోలేదు. లోపలి పనివాళ్లకు చెప్పి, "నూనె వాడండిరా, లేకపోతే నాలా అవుతారు" అని నెత్తి తడిమి చూపించి, మెట్లు దిగాడు. మలుపు దగ్గర ఎప్పటిలాగే అన్న కూతురి ఇంటి వైపు తిరిగాడు. పట్టుకోవడానికి ఏమీ లేక, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు.

గోడ దగ్గర స్టూలు మీద కుంచె ఉండిపోయింది. దాని వెంట్రుకల మధ్య ఇంకా కాస్త పొడి ఇరుక్కుని ఉంది. ఏ సొరుగుదో చెప్పడం ఎవరివల్లా కాదు.