సున్నపురాయి కొలబద్ద

ఇంట్లో అత్తయ్య, ఆఫీసులో మేడమ్. మనిషి ఒకరే, భయం మాత్రం రెండింతలు. బావిలోకి దించిన పరికరాలు గీసి పంపే లాగ్‌లు చదివి, ఏ ఇసుకరాయి పొరలో గ్యాసుందో తేల్చడం ఆ అత్తాకోడళ్ళ ఉద్యోగం. పెద్ద కుర్చీ అత్తది, పక్క కుర్చీ కోడలిది. ఆమధ్య ఒక బావిలో గోడ ఊడిపోయి వెడల్పైన చోటు చూసి కోడలు గ్యాసనుకుంది. ఆ ముచ్చట అత్తగారు చుట్టాలందరికీ, చివరికి పాలవాడిక్కూడా చెప్పి పెట్టింది.

ఇప్పుడు కొత్త బావి. సాంద్రత గీతా, న్యూట్రాన్ గీతా ఒకదాన్నొకటి దాటితే గ్యాసుందని గుర్తు. పై పొరలో దిట్టంగా దాటాయి. నడిమి పొరలోనూ దాటాయి గానీ, అది సన్నది, చాలదులెమ్మని అత్తగారు వదిలేసింది. ఆవిడ మాట మీద రేపు పై పొరని పరీక్షిస్తారు, కిందదంతా సిమెంటుతో మూసేస్తారు.

కోడలికి ఒకటే అనుమానం. అట్టడుగు పొరలో ఉన్నవి ఉప్పునీళ్ళని అందరికీ తెలుసు. మరి అక్కడా గీతలు దాటాయేం? కాగితం తలకట్టు చూసింది. ఇంకేముంది, గీతలకి వేసిన కొలబద్ద సున్నపురాయి పొరలకి వాడేది. దాంతో ఇసుకరాయిని కొలిస్తే నీళ్ళు కూడా గ్యాసులా నటిస్తాయి.

"అమ్మకి చెప్పకు," అన్నాడు మొగుడు. "తర్వాత ఈ ఇంట్లో ఉండాల్సింది నేను."

"చెప్పకపోతే బావి పోతుంది."

"బావి ఊరవతలుంది. అమ్మ పక్కగదిలో ఉంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాత్రంతా కక్కలేక మింగలేక గడిపింది పాపం.

మర్నాడు మీటింగులో అత్తగారు పై పొరని పొగుడుతుంటే కోడలు లేచింది.

"అత్తయ్యా..." అని నోరు జారింది. గదంతా నవ్వింది. "మేడమ్, అది సున్నపురాయి కొలబద్దండీ."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఇసుకరాయి కొలబద్ద పెట్టించింది. పై పొరలో గీతలు బుద్ధిగా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి, అంటే అక్కడున్నవి నీళ్ళే. నడిమి పొరలో మాత్రం ఇంకా దాటే ఉన్నాయి.

"పరీక్ష నడిమి పొరకి," అని అత్తగారు ఫైలు మూసేసింది.

సాయంత్రం ఇంట్లో మొగుడు పేపరు చాటున దాక్కున్నాడు. కోడలు వంటింట్లోంచి కదల్లేదు. హాల్లో అత్తగారు చెల్లెలికి ఫోన్ చేసింది.

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు కదే. ఇవాళ నేను కొట్టింది కొత్త కుండే. అతికింది మా కోడలు."

కోడలికి కళ్ళు చెమర్చాయి. అత్తగారు ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మిగతా చుట్టాలకీ, పాలవాడికీ నేనే చెప్తాను. నువ్వు చెప్తే పెంచి చెప్తావు."