అయిదింటికి బయటికొచ్చినవాడు

మా గణపతిరావు గారికి కాగితంలో ఖాళీ గడి కనిపిస్తే అది నిండేదాకా కుదురుండదు. ఊరి బయట ఫ్యాక్టరీకి మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు దగ్గర ఆయన మేనేజరు. ఆ ఫ్యాక్టరీలో ఇల్లంత ఇనుప ట్యాంకులు బాగుచేస్తారు. మా పేట, ఓల్డ్ సెటిల్‌మెంట్ మగాళ్లు వాటిలోకి దిగి, తుప్పు గీకి, ఘాటు మందుతో కడిగి పైకొస్తారు. ఎవరు ఎప్పుడు దిగారో, ఎప్పుడు పైకొచ్చారో మేస్త్రీ సొలొమోను తన ఫోనులో రాసుకుంటాడు. వరుసకొక పేరు, లోపల ఎప్పుడు, బయట ఎప్పుడు. గళ్లు లేవు, రంగుల్లేవు, ఉత్త అక్షరాలు. ఆ రాతను నా కంప్యూటరుకు పంపితే అందులోంచి టైమ్‌షీట్ తీసే చిన్న ప్రోగ్రాం నేనే రాశాను. గేటు పక్కన రేకుల గదిలో కూర్చుని రోజూ నేను చేసే పని అదే.

సొలొమోను మంచివాడే గానీ మతిమరుపు. దిగినప్పుడు రాసేవాడు, పైకొచ్చినప్పుడు మరిచిపోయేవాడు. మనిషి ఇంటికెళ్లి అన్నం తిని కాళ్లు చాపుకున్నా, రాతలో ఇంకా ట్యాంకులోనే ఉండేవాడు. అలాంటి చోట షిఫ్టు ముగిసే అయిదు గంటలు వేసెయ్యమని గణపతిరావు గారి హుకుం. వేశాను. పక్కన ఎర్ర చుక్క కూడా పెట్టాను, ఇది మేస్త్రీ రాసింది కాదు, మేం వేసుకున్నది అని తెలియడానికి. నెల తిరక్కుండానే ఆ చుక్కలు ఆయన కళ్లలో గుచ్చుకున్నాయి.

"ఏటమ్మా కిరణ్మయీ, కాయితం నిండా మశూచి పోసినట్టు? తీసీ" అన్నాడు.

నోరున్న మనిషినని నాకు పేరు. ఆ నోటితోనే దెబ్బలాడాను. ఉన్నది లేనట్టూ లేనిది ఉన్నట్టూ చూపిస్తే ఏదో ఒక రోజు కొంప మునుగుతుందన్నాను. జీతమిచ్చేవాడి ముందు నోరెంత ఉంటే ఏం లాభం? చుక్కలు పోయాయి. అప్పట్నుంచి మా కాగితం అద్దంలా ఉంటోందని ఫ్యాక్టరీ వాళ్లు మెచ్చుకున్నారట.

నా భర్త హరిబాబు కూడా ఆ ముఠాలో మనిషే. మూడేళ్లుగా రోజు పాసు మీద చేస్తున్నాడు. ఈ ఏడు ఒక్క నాగా కూడా లేకుండా గడిస్తే పక్కా పాసు ఇస్తామని మాటిచ్చారు. మా ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా అత్త జోగమ్మ దేవుణ్ణి కోరేది అదొక్కటే. ఆ మంగళవారం పొద్దున హరిబాబు నడుం పట్టేసిందన్నాడు. పట్టేసిన నడుంతోనే పూరీ గేట్ క్లబ్బులో క్యారంబోర్డు పోటీకి పేరిచ్చాడని నాకు తెలుసు. లేచి, తన పాసు తీసి తమ్ముడు నూకరాజు మెడలో వేశాడు.

మా సందుల్లో ఇది తప్పు కిందికి రాదు. అన్న పనికి తమ్ముడు పోతాడు, బావ పనికి బావమరిది పోతాడు. దాన్ని బదిలీ అంటాం. గేటు దగ్గర పాసు చూస్తారు, మొహం చూడరు. సొలొమోనుకు అన్నీ తెలుసు, అయినా పాసు మీదున్న పేరే రాస్తాడు. నూకరాజు ఎదురు చెప్పే మనిషి కాడు. అన్న గీసిన గీత దాటడు. నా స్కూటీ వెనక కూర్చుని, దారంతా ఏదో పాట కూనిరాగం తీస్తూ వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సొలొమోను కూతురు ఏంజలిన్‌ను చూసుకోవడానికి పెళ్లివారు వస్తున్నారని కబురొచ్చింది. పైకొచ్చినవాళ్ల వేళలు మీరే రాసి పంపండర్రా అని కుర్రాళ్లకు చెప్పి, అప్పటిదాకా ఉన్న రాత నాకు పంపి, సైకిలెక్కాడు. అందరికీ చెప్పిన పని ఎవరికీ చెప్పనట్టే. ఒక్క మెసేజ్ కూడా రాలేదు. ప్రోగ్రాం తన పని తాను చేసింది. షీటులో అరడజను మంది ఒకే నిమిషానికి, రైలు దిగినట్టు, ట్యాంకులోంచి బయటికొచ్చారు. వాళ్లలో హరిబాబు ఒకడు.

నాకు నచ్చలేదు. అదే మాట గణపతిరావు గారితో అన్నాను. ఆయన సంతకం పెడుతూ ఠీక్ హై, ఠీక్ హై అన్నాడు. ఆ సంతకమే నీళ్లకు అనుమతి. ట్యాంకు ఎక్కడైనా కారుతుందేమో చూడాలంటే నిండా నీళ్లు పట్టాలి. అందరూ పైకొచ్చారన్న కాగితం చేతికందాకే వాల్వు తిప్పాలని రూలు. మంచి రూలే. ఆ కాగితం ఎలా పుడుతుందో రూలు రాసినవాడికి తెలియదు, అంతే.

గేటు దగ్గర స్కూటీ స్టార్టు చేసి నిలబడ్డాను. మనుషులు చేతులు కడుక్కుని, బీడీలు ముట్టించుకుని, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నూకరాజు రాలేదు. ట్యాంకు షెడ్డు వైపు చూశాను. చెప్పులు విడిచే చోట ఒకే ఒక జత ఉంది, నూకరాజు నీలం పట్టీలవి. పంపు అప్పటికే గుర్రుమంటోంది.

వెనక్కి పరుగెత్తి కంప్యూటరు తెరిచాను. షీటు కాదు, సొలొమోను పంపిన అసలు రాత. 'హరిబాబు, లోపల 2.10, వెనక గది.' ఆ తర్వాత ఏమీ లేదు. ట్యాంకుకు లోపల రెండు గదులు, మధ్యలో మనిషి పట్టేంత కంత. ముందు గదిలోవాళ్లు పైకొచ్చేస్తే వెనక ఒక్కడు మిగిలినా ఎవరికీ కనపడడు.

గణపతిరావు గారి గదిలోకి తోసుకెళ్లి, హరిబాబు ఇంకా పైకి రాలేదు, నీళ్లు ఆపించండి అన్నాను. నూకరాజు అనలేదు. అప్పుడు కూడా, ప్రాణం మీదికొచ్చిన ఆ ఘడియలో కూడా, మొగుడి పాసే నా నాలుకను పట్టుకుంది. ఆయన షీటు నా ముందుకు తోశాడు. చూడమ్మా, అయిదింటికి వచ్చాడు కదా, నువ్వు తీసిన కాగితమే కదా అన్నాడు. ఆ అయిదు ఎవరూ రాసింది కాదని నేను అరుస్తుంటే, దానికేం, వాడినే అడుగుదాం అని ఫోను తీసి, నాకు వినబడేలా స్పీకరు పెట్టాడు.

హరిబాబు ఎత్తాడు. వెనకాల క్యారం బిళ్లలు టకటకమంటున్నాయి.

"హరిబాబూ, లోపలున్నావా, బయటున్నావా?"

"బయటే సార్. ఎప్పుడో వొచ్చీసినాను. పూరీ గేట్ కాడ టీ తాగతన్నాను."

పనికి రాలేదని పట్టుబడ్డానేమోనని అతని భయం. ఆ భయంతో తమ్ముడి మీద మూత వేశాడు. గణపతిరావు గారు నా వైపు చూసి చేతులు చాపాడు, ఇంకేం కావాలన్నట్టు.

నేను ఫోను లాక్కున్నాను. "మీరు పన్లోకి రానేదు. మీ పాసేసుకుని దిగింది నూకరాజు. లోపలే ఉన్నాడు. నీళ్లు ఒదిలీసినారు. సార్‌తో సెప్పండి."

బిళ్లల చప్పుడు ఆగిపోయింది. ఊపిరి వినబడుతోంది. దొంగకు తేలు కుట్టినట్టు. ఒక్కసారి ఔనంటే చాలు. నేను ఎదురుచూశాను, దేవుడా, ఆ మనిషి నోట ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఫోను కట్ అయింది.

నూకరాజెవడు, మన లిస్టులో ఆ పేరే లేదే అంటున్నాడు గణపతిరావు గారు. ఆయన కంగారు పడలేదు, కోప్పడలేదు. నాకు అన్నిటికంటే భయం వేసింది దానికే. రాతలో ఉన్నవాడు టీ తాగుతున్నాడు. నీళ్లలో ఉన్నవాడు రాతలో లేడు. ఆయన కాగితం ప్రకారం ఎవరికీ ఏమీ కాలేదు, రేపూ కాదు, ఎప్పటికీ కాదు.

ఇక ఆయనతో వాదన పెట్టుకోలేదు. షెడ్డులోకి ఉరికాను. వాల్వు దగ్గర తవిటయ్య స్టూలేసుకుని కూర్చున్నాడు. మా సందు చివరింటి ముసలాయన, వరసకు మామ. నూకరాజు లోపలున్నాడు మామా అన్నాను. ఆయన స్టూలు తన్నేసి లేచాడు.

"మూతెయ్యక ముందు కేకేసినాను కోడలా. రొండుసార్లు కేకేసినాను. ఎవులూ పలకనేదు" అంటూనే చక్రం మీద పడ్డాడు. నేనూ పట్టుకున్నాను. నీళ్లు ఆపి, అడుగు వాల్వు విప్పి, పైకెక్కి మూత తీశాడు. మందు వాసన గుప్పున కొట్టింది. ఫ్యాక్టరీ మనుషులిద్దరు గాలి మాస్కులు తగిలించుకుని, తాడు కట్టుకుని దిగారు. నేను కింద నిలబడి, అడుగు గొట్టంలోంచి తుప్పు రంగు నీళ్లు పోతూ ఉంటే చూశాను. ఎంత పోయినా ఇంకా వస్తూనే ఉన్నాయి.

వెనక గదిలో నిచ్చెన మెట్టుకు చంక తగులుకుని వేలాడుతున్నాడట. అందుకే నీళ్లు గడ్డం దగ్గర ఆగాయి. పైకి లాగినప్పుడు పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. అన్న పాసు ఇంకా మెడలోనే ఉంది. గణపతిరావు గారు దగ్గరికొచ్చి ముందు ఆ పాసును తిప్పి చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. అది నేను మరిచిపోను.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బతుకుతాడన్నారు. జోగమ్మత్త వాడి పాదాలు రుద్దుతూ కూర్చుంది. హరిబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వేళ్లకు క్యారంబోర్డు పౌడరు ఇంకా అంటుకునే ఉంది. లోపలికి రమ్మని నేను పిలవలేదు, వాళ్లమ్మా పిలవలేదు. ఫోను పెట్టేశాక బయల్దేరాను, టోటో బండి దొరకలేదు అని గోడకు చెప్పుకున్నాడు.

నూకరాజు కళ్లు తెరిచేసరికి కిటికీ బయట చీకటి పడింది. అన్నను చూడలేదు. నన్ను చూశాడు. మాస్కు పక్కకు జరిపి, దగ్గు ఆపుకుంటూ, తప్పు చేసిన పిల్లాడిలా నెమ్మదిగా చెప్పాడు.

"తవిటయ్య మావ కేక ఇనబడినాది వదినా. లోపల ఎవులూ అని అడిగినాడు. తల తిరిగిపోతంది. అన్నయ్య పేరు సెప్దామంటే మావకి నా గొంతు తెలుసు. నా పేరు సెప్తే అన్నయ్య పాసు పోతాది. ఏటి సెప్పాలా అని సూస్తన్నాను. ఈలోగా మూతేసీసినాడు."

గుమ్మంలో హరిబాబు మోకాళ్ల మీద కూలిపోయాడు. నర్సు లేపబోయింది. నేను లేపలేదు.