అయిదు బియ్యం బస్తాల తేడా

పడవ కావాలా అని పక్కింటి వాల్టర్ అడిగింది చాముండేశ్వరిని. ఆమె మొగుడు తేజేశ్వర్‌ని కాదు. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని వాదనలు జరిగినా ఆమె ఆ సంగతి మర్చిపోలేదు.

వాల్టర్‌కి మోకాళ్లు పోయాయి. నార్త్ కరొలినాలోని ఈ క్యారీ ఊళ్లో ఇల్లు అమ్మేసి ఫ్లారిడాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. అతని పెరట్లో ట్రైలర్ మీద పదిహేనడుగుల ఫైబర్‌గ్లాస్ చేపల పడవ ఒకటి ఏళ్ల తరబడి పడి ఉంది. లోపలంతా ఎండిన పైన్ ఆకులు. ఇంజన్ ఎప్పుడో ఊడదీసి ఎవరికో ఇచ్చేశాడు. చాముండేశ్వరి వంటింటి కిటికీలోంచి రోజూ దాన్ని చూస్తూ అంట్లు తోముకునేది.

"తేలితే ఉంచుకో, తేలకపోతే చెత్త డంప్‌కి పంపించు" అన్నాడు వాల్టర్ ఇంగ్లీషులో. ఆమె మొగుణ్ణి అడిగి చెప్తానని కూడా అనలేదు. సరేనంది.

అలా అనడానికి ఆమెకో కారణం ఉంది. పిట్స్‌బరో వైపు వెళ్లే దారిలో జోర్డాన్ లేక్ మీద వంతెన వస్తుంది. కారు దాని మీద ఉన్న కాసేపూ కుడి పక్కన, దూరంగా, పైన్ చెట్ల కింద ఎర్రమట్టి ఒడ్డు ఒకటి కనిపిస్తుంది. అక్కడికి రోడ్డు లేదు. ఒక్కసారి తన చేత్తో నడుపుకుంటూ అక్కడికి వెళ్లాలని ఆమె కోరిక. కాకినాడలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మనిషి. హెచ్‌-ఫోర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గనక ఆరేళ్లుగా ఇంట్లోనే ఉంది. ఇల్లు, కారు, సోఫా, ఆఖరికి ఫోన్ ప్లాన్ కూడా తేజేశ్వర్ రివ్యూలు చదివి ఎంచినవే.

"పడవా? మనకా? నాకు ఈతే రాదు కదే!" అన్నాడు తేజేశ్వర్ ఆఫీస్ నుంచి వచ్చి, డ్రైవ్‌వేలో దాన్ని చూసి.

"నాకొచ్చుగా. మీరు లైఫ్ జాకెట్ వేసుకోండి."

"కాలనీ అసోసియేషన్, ఆ హెచ్‌ఓఏ వాళ్లు ఊరుకుంటారనుకుంటున్నావా?"

వాళ్లు ఊరుకోలేదు. వారం తిరక్కుండానే, పడవ ఇంటి ముందు కనపడకూడదని ఈమెయిల్ వచ్చింది. చాముండేశ్వరి ఫోన్ చేసి, రిపేర్ జరుగుతోందని చెప్పి, సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే దాకా గడువు తెచ్చుకుంది. నీళ్లలో దిగి తేలిన పడవైతే లేక్ దగ్గర స్టోరేజ్‌లో పెట్టుకోవచ్చు.

"సరే, నా మాట కూడా విను" అన్నాడు తేజేశ్వర్. "లేబర్ డే లోపల ఇది తేలితే నీది. తేలకపోతే నేనే దగ్గరుండి డంప్‌లో వేయిస్తా. మళ్లీ దీని పేరెత్తకూడదు."

"ఎత్తను" అంది.

అది రెండువేల ఎనిమిది వేసవి. తేజేశ్వర్ తల్లి ధనమ్మ నరసాపురం నుంచి ఆరునెలలకని వచ్చి ఉంది. ఆవిడ గరాజ్ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది, కోడలు ఏం చేస్తుందో చూద్దామని.

చాముండేశ్వరి ముందు పైన్ ఆకులు ఊడ్చి, పడవని లోపలా బయటా కడిగింది. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అంచు వెంబడి కొట్టుకుంటూ వచ్చింది, కొబ్బరికాయ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు. పక్కలు రెండూ ఖంగుమన్నాయి. అడుగు ఖంగుమంది. వెనక వైపు, ఇంజన్ బిగించే పలక దగ్గరికొచ్చేసరికి చప్పుడు చచ్చిపోయింది.

"కుళ్లు కాయే" అంది ధనమ్మ కుర్చీలోంచి.

"అవునత్తయ్యా."

చిన్న డ్రిల్లుతో కన్నం పెడితే అందులోంచి మరిగిన టీ రంగు నీళ్లు కారాయి. పైకి ఫైబర్‌గ్లాస్ నిగనిగలాడుతున్నా లోపలి చెక్క నీళ్లు తాగి తాగి మెత్తబడిపోయింది. ఇంజన్ బరువూ, తోపూ మొత్తం మోయాల్సింది ఆ పలకే.

ఫైబర్‌గ్లాస్ కోసే గ్రైండర్ అద్దెకు తెచ్చి, కళ్లద్దాలూ ముక్కుకి మాస్కూ పెట్టుకుని, పలక లోపలి పొరని కోసింది. చెక్క నానబెట్టిన చింతపండు పిప్పిలా ఊడి వచ్చింది. బకెట్లకి బకెట్లు తీసి పోసింది. తేజేశ్వర్ స్నేహితుడు రవికుమార్ ఆ శనివారం సాయం చేస్తానని వచ్చి, వాన పడితే ఎట్లని పడవంతా టార్పాలిన్ చుట్టి తాళ్లతో బిగించి వెళ్లాడు. తెల్లారి చాముండేశ్వరి విప్పి చూస్తే టార్పాలిన్ లోపలంతా నీటి చుక్కలు. ఇక ఆ రోజు నుంచి ఎండ రాగానే తీయడం, పొద్దు వాలగానే గాలాడేలా పైపైన కప్పడం. వడియాలు ఎండబెట్టినట్టే ఎండబెట్టింది. వేలు పెట్టి చూసి తడి తగిలితే ఇంకో రోజు ఆగింది.

"గడువు దాటిపోతుందేమోనే పిల్లా" అనేది ధనమ్మ.

"తడి మీద అతికిస్తే వచ్చే ఏడు మళ్లీ ఇదే పని అత్తయ్యా."

కొత్త పలకకి ముందు పాత న్యూస్‌పేపర్ మీద ఆది కత్తిరించింది. దాన్ని లోపల పెట్టి చూసి, అంచు దిద్ది, మళ్లీ పెట్టి చూసి, అప్పుడు గానీ ప్లైవుడ్ మీద గీత గీయలేదు. రెండు పలకలు కోసి ఎపాక్సీ జిగురుతో ఒకదానికొకటి అతికించాలి. మొదటిసారి ఎపాక్సీ ఒకేసారి డబ్బాడు కలిపింది. నార్త్ కరొలినా ఆగస్టు ఎండకి అది గిన్నెలోనే పొగలు కక్కి రాయిలా బిగుసుకుపోయింది. గిన్నెతో సహా అవతల పారేసి, మర్నాడు ఎండ రాకముందే లేచి, కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పని కానిచ్చింది. క్లాంపులు బిగించి, బయటికి కారిన జిగురుని గుడ్డతో తుడిచింది. ఎక్కడ కారలేదో అక్కడ క్లాంపు విప్పి మళ్లీ బిగించింది. ఆ పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొరలు. అన్నీ ఆరాక స్క్రూడ్రైవర్ పిడితో కొట్టింది.

ఖంగుమంది. ధనమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, తనూ వేలి కణుపుతో కొట్టి చూసింది. "ఊఁ, ఇప్పుడు దేవుడికి కొట్టొచ్చు" అంది.

ఇక మిగిలింది ఇంజన్. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఆదివారం భోజనాల దగ్గర తేజేశ్వర్ లాప్‌టాప్ తెరిచాడు. "క్రెయిగ్స్‌లిస్ట్‌లో సెకండ్‌హ్యాండ్ ఇంజన్ చూశా. ఫిఫ్టీ హార్స్‌పవర్. రాలీలోనే ఉంది. సూపర్ కండిషన్."

"యాభై వద్దండీ. ఇరవై అయిదు చాలు" అంది చాముండేశ్వరి పప్పు వడ్డిస్తూ.

"ఏంది వదినా, గింత చిన్న ఇంజనా?" అన్నాడు రవికుమార్. "అట్లాంటాల మా బావ నైంటీ పెట్టిండు. ఫిఫ్టీ తీస్కోన్రి, రేపు ఎన్క ట్యూబ్ కట్టుకొని ట్యూబింగ్ గూడ చెయ్యొచ్చు."

"ఆ పడవ ఎంతుంది అన్నయ్యగారూ?"

"ఏమో, పెద్దదే."

తేజేశ్వర్ పద్ధతి ఎప్పుడూ అంతే. ఇద్దరుండే ఇంటికి నాలుగు బెడ్‌రూములు. కుక్కరు పది లీటర్లది. రేపు పనికొస్తుందంటాడు. చిన్నప్పుడు తల్లి ఏ చొక్కా కుట్టించినా పెరుగుతాడని రెండేళ్లకి సరిపడా వదులు పెట్టించేది. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది.

"కొంచెం పెద్దది తీసుకుంటే ఫ్యూచర్‌లో ఇబ్బంది ఉండదు కదా" అన్నాడు.

"పడవ పెరగదండీ."

"వీడూ పెరగలేదు లేవే" అంది ధనమ్మ. "ఆ చొక్కాలన్నీ వదులుగానే చిరిగిపోయాయి."

రవికుమార్‌కి పొలమారింది. తేజేశ్వర్ నవ్వలేదు. "జోకులొద్దమ్మా. చిన్న ఇంజన్ పెట్టి లేక్ మధ్యలో కదలకపోతే ఎవరు తోస్తారు?"

చాముండేశ్వరి చేయి కడుక్కుని వచ్చింది. పడవ పొడవు, వెనక పలక వెడల్పు, ఎత్తు అన్నీ కొలిచి ఉంచుకుంది. ఆ కొలతలకి కోస్ట్‌గార్డ్ లెక్క ప్రకారం, చేత్తో తిప్పే ఇంజన్ ముప్పై హార్స్‌పవర్‌కి మించకూడదు. పైగా అతను చూసిన ఇంజన్‌కి కాడ పొడుగు. ఈ పలక ఎత్తుకి, నీళ్లలో తిరిగే ఫ్యాన్ మరీ కిందికి వేలాడుతుంది. ఇదంతా చెప్పింది. ఇద్దరూ విన్నారు. విన్నాక రవికుమార్, "గా లెక్కలు లాయర్లకు భయపడి రాస్తరు వదినా" అన్నాడు.

ఆమె వాదించలేదు. పాంట్రీ తలుపు తీసింది. "అన్నయ్యగారూ, కాస్త ఈ బియ్యం బస్తా గరాజ్‌లోకి తెస్తారా?"

ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా. అతను తెచ్చి పడవ వెనక అంచు మీద పెట్టాడు. "ఇంకోటి" అంది. ఇంకోటి తెచ్చాడు. సేల్‌లో తేజేశ్వర్ ముందుచూపుతో కొని పడేసినవి చాలానే ఉన్నాయి. అయిదో బస్తాకి రవికుమార్ నడుం పట్టుకున్నాడు.

"మీ ఇంజన్‌కీ నా ఇంజన్‌కీ బరువులో తేడా ఇది" అంది తేజేశ్వర్‌తో. "మనుషులు దిగినా ఇవి దిగవు. ఎప్పుడూ ఈ అంచు మీదే కూర్చుని ఉంటాయి. పలక ఎంత గట్టిగా కట్టినా, నీళ్లకి దగ్గరగా కుంగితే నేనేం చెయ్యను?"

తేజేశ్వర్ బస్తాల వంక చూశాడు. "తర్వాత స్పీడ్ చాల్లేదని నన్ననకు."

"అనను. నడిపేది నేను కాబట్టి ఎంచేదీ నేనే."

అతను లాప్‌టాప్ మూసి మేడ మీదికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె పక్క ఊరు ఏపెక్స్ వెళ్లి, ఒక రిటైరయిన టీచరు దగ్గర తను ముందే చూసి పెట్టుకున్న ఇరవై అయిదు ఇంజన్ తెచ్చుకుంది. కొనేముందు ఆ పెద్దాయనతో దాన్ని నీళ్ల పీపాలో పెట్టించి, చల్లగా ఉన్నప్పుడొకసారీ వేడెక్కాక ఒకసారీ తాడు లాగి స్టార్ట్ చేయించి చూసింది.

లేబర్ డే ముందు శనివారం పడవని లేక్‌కి తీసుకెళ్లారు. పూజ చేయకుండా నీళ్లలో దించడానికి ధనమ్మ ఒప్పుకోలేదు. పార్కింగ్‌లోనే ట్రైలర్ పక్కన పళ్లెం పెట్టి, పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టి, గంగమ్మ తల్లికని ఇంత పాలూ, చెంబెడు నీళ్లూ పడవలో పోసింది. కొబ్బరికాయ కొట్టింది. ఇంజన్‌కి కూడా ఒక బొట్టు.

పాలు కలిసిన నీళ్లు వెనక మూలకి చేరి నిలిచాయి. ఈ ఎండకి వాసన కొడుతుందని చాముండేశ్వరికి మనసొప్పలేదు. వంగి, పలక అడుగున ఉండే కన్నానికి ఇత్తడి బిరడా తిప్పి తీసి, నీళ్లు కారిపోనిచ్చి, చెంబుతో మంచినీళ్లు పోసి మళ్లీ కడిగి, చెంబుని పడవలోనే ఉంచింది. చేతిలో బిరడా అడ్డమవుతుంటే పక్కనున్న పళ్లెంలో పెట్టింది.

"రాహుకాలం వచ్చేస్తోంది, కానివ్వండి!" అంది ధనమ్మ. వెనక రెండు పికప్ ట్రక్కులు పడవలతో కాచుకుని ఉన్నాయి. తేజేశ్వర్ కంగారుగా కారు రివర్స్ చేశాడు. పడవ ట్రైలర్ మీంచి జారి, నీళ్ల మీద తేలింది. రవికుమార్ ఒడ్డు నుంచి విజిలేశాడు. చాముండేశ్వరి తాడు లాగితే రెండో లాగుకి ఇంజన్ అందుకుంది. తేజేశ్వర్ జాకెట్ బకిల్సన్నీ రెండుసార్లు చూసుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. పడవ కదిలింది.

వంతెన కనపడే మలుపు దాకా వెళ్లారో లేదో, ఆమె పాదాలు చల్లబడ్డాయి. చూస్తే చెప్పుల మీదుగా నీళ్లు.

"ఏంటది? కారుతోందా? నీ పలక ఊడిందా?" తేజేశ్వర్ గొంతు లేచింది.

ఆమె పలక అతుకు వెంట చేయి పోనిచ్చింది. పొడిగా ఉంది. ఇంకా కిందికి పోనిచ్చింది. నీటి అడుగున, వేలు కన్నంలోకి దూరింది.

"బిరడా" అంది. "పళ్లెంలో పెట్టాను."

"దేవుడా!"

"లేవకండి. అక్కడే కూర్చుని ఆ చెంబుతో తోడండి." చున్నీ కొస లాగి, గట్టిగా మెలిపెట్టి, కన్నంలోకి కుక్కింది. బొటనవేలితో నొక్కి ఇంకాస్త కుక్కింది. పూర్తిగా ఆగలేదు గానీ ధార ఊటైంది. మరో చేత్తో ఇంజన్ తిప్పి పడవని ఒడ్డుకి మళ్లించింది. మెడకి చున్నీ బిగుస్తుంటే ఆ కొసనీ లాగేసి వదిలిపెట్టింది.

తేజేశ్వర్ తోడాడు. పది చెంబులు తోడాక ఊపిరి పీల్చుకోడానికి ఆగి, వెనక అంచు వైపు చూశాడు. చీలమండ దాకా నీళ్లున్నా, ఇద్దరు మనుషులున్నా, ఆ అంచు లేక్ నీళ్లకి ఇంకా జానెడు పైనే ఉంది.

"ఆ అయిదు బస్తాలు కూడా ఉండుంటే..." అన్నాడు.

"తోడండి" అంది చాముండేశ్వరి.

ఒడ్డున ధనమ్మ పళ్లెం పట్టుకుని నీళ్ల అంచు దాకా వచ్చి నిలబడింది. తమలపాకులు ఎత్తితే వాటి కింద బిరడా, నిండా కుంకుమతో. "ఇత్తడిది గదే, పూజ సామాననుకుని బొట్టు పెట్టాను!"

రవికుమార్ పడవని ఒడ్డుకి లాగి పట్టుకున్నాడు. "ఇయ్యాల్టికి చాలు వదినా. ఇంటికి పోయి మల్ల చూద్దాం. అన్న మొఖం చూడు, తెల్లగైంది."

చాముండేశ్వరి పడవని ట్రైలర్ మీదికి ఎక్కించి, చున్నీ లాగేసి, ఉన్న నీళ్లన్నీ కారిపోయేదాకా నిలబడింది. కుంకుమతోనే బిరడా తిప్పి బిగించింది. ఊడుతుందేమోనని లాగి చూసింది. వేలి కణుపుతో పలక మీద కొట్టింది. ఖంగుమంది.

"పడవ బాగుంది. పలక బాగుంది. మర్చిపోయింది నేను" అంది తడి చేతులు తుడుచుకుంటూ. "దించండి."

"రాహుకాలమే అమ్మాయ్!" అంది ధనమ్మ.

"మొదలుపెట్టడం ఇందాకే అయిపోయిందిగా అత్తయ్యా. ఇది మిగతాది."

ఆమె తేజేశ్వర్ వైపు చూడలేదు. రానంటే ఒక్కతే వెళ్లడానికి సిద్ధపడే ఉంది. అతను కాసేపు నీళ్లనీ, కాసేపు ఇంజన్‌నీ చూసి, జాకెట్ బకిల్స్ మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. ఇందాక తోడిన చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుని పడవ ఎక్కాడు.

"ఎక్కడ కూర్చోమంటావు?" అని అడిగాడు.

"మధ్యలో" అంది, తాడు చేతికి చుట్టుకుంటూ.

ఈసారి మొదటి లాగుకే అందుకుంది. వంతెన నీడ దాటాక ఆమె పడవ ముక్కుని ఎర్రమట్టి ఒడ్డు వైపు తిప్పింది. వేగం మరీ ఎక్కువేం లేదు. సరిపోయింది.